ఇరుసు, సీల, కందెన

మిషన్లో చెయ్యి పోగొట్టుకున్న మనిషి ‘నా రాత’ అంటే నేను తల వంచుకుని వింటాను. ఆ మిషను సొంతదారు ‘వాని రాత’ అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మాట ఒకటే. మొదటి మనిషి దాంతో తన బరువు తాను మోసుకుంటున్నాడు. రెండో మనిషి తన బరువు తెచ్చి పక్కవాని నెత్తిన పెడుతున్నాడు. దేవుడున్నాడని, కర్మ ఉందని నమ్మేవాణ్ని నేను. నమ్మేవాణ్ని కాబట్టే ఈ రెండో వాడుక నాకు దైవదూషణలాగా వినిపిస్తుంది.

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు పోయే దారిలో నాది వెల్డింగు షెడ్డు. మా నాయన జమ్మలమడుగు పక్క పల్లెలో కొలిమి పెట్టుకుని బండ్లకు ఇరుసులు, చక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాడు. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినాయి, కొలిమి పోయి వెల్డింగు మిషను వచ్చింది. రోటవేటరు బ్లేళ్లు, గొర్రు కర్రులు, ట్రాలీ డోర్లు, శనగ నూర్చే మిషన్లు, ఏది విరిగినా నా దగ్గరికి వస్తుంది. దాంతోపాటే అది ఎట్లా విరిగిందో, ఎవరికి ఏమైందో ఆ కథ కూడా వస్తుంది.

మా ఊళ్లో ఒక పెద్దమ్మ ఉంది. శనగ మిషన్లోకి కట్టె తోస్తుండగా ఆమె కుడిచేతి వేళ్లు పోయినాయి. కట్టె తొందరగా లోపలికి పోవాలని ఆ మిషను నోటి దగ్గర తొట్టిని పొట్టిగా కోయించి పెట్టినారు. ఆసుపత్రి నుంచి వచ్చినాక చూడబోతే ఎడమచేత్తో కాఫీ పోసిచ్చి, “నా రాత నాయనా, ఎవురినని ఏం లాభం” అనింది. ఆ మాట పట్టుకునే ఆమె మళ్లీ లేచి నిలబడింది, ఎడమచేత్తో కలుపు తీయడం నేర్చుకుంది. ఆ మాట ఆమె చేతికర్ర, దాన్ని లాక్కునే హక్కు ఏ పండితునికీ లేదు. కొన్నాళ్లకు ఆ మిషను సొంతదారు నా షెడ్డుకు వచ్చినాడు. “ఆమె రాత అట్లుండాది, మనమేం జేస్తాం ఆచారీ” అన్నాడు. తొట్టి పొడుగు చేయమని అడగలేదు. బెల్టు జారుతా ఉంది, చూడమన్నాడు.

ఆ తొట్టికి లెక్క ఉంది. ఉత్తరాదిన గోధుమ మిషన్లలో చేతులు పోతా ఉంటే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. భారత ప్రమాణాల ప్రకారం నూర్పిడి మిషను తొట్టి పొడవు కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి, అందులో డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్లకు పైన మూత ఉండాలి. మనిషి ఎంత వంగి చెయ్యి చాచినా డ్రమ్ము పళ్లకు అందకూడదని ఆ కొలత. దాన్ని ఎవరి జాతకమూ చూసి వేయలేదు, మనిషి చెయ్యి పొడవు చూసి వేసినారు.

పోయిన ఎండాకాలం బోరు మోటారు బాగు చేయించుకోను వచ్చిన ఒక ఆయుర్వేద వైద్యులు పని అయ్యేదాకా నా దగ్గరే కూర్చున్నారు. రాత గురించి మాట వచ్చింది. చరక సంహితలో విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువును ఇదే అడుగుతాడని ఆయన చెప్పినారు. మనిషి ఆయుష్షు ముందే ఖాయమై ఉంటుందా, లేదా? ఆత్రేయ మహర్షి చెప్పిన జవాబులో ఒక పోలిక విని నా చేతిలో రాడ్డు ఆగిపోయింది. అది బండి ఇరుసు పోలిక! మంచి ఇరుసు తన పని తాను చేసుకుంటూ అరిగి అరిగి, తన కాలానికి తాను పోతుంది. అదే ఇరుసు బరువెక్కువైతే, దారి ఎగుడుదిగుడైతే, ఎద్దుదో తోలేవానిదో తప్పుంటే, సీల ఊడితే, కందెన లేకపోతే నడిమధ్యలోనే విరుగుతుంది. ఆయుష్షూ అంతేనంటాడు ఆ మహర్షి. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మదించిన ఏనుగు ఎదురొచ్చినప్పుడు పక్కకు తప్పుకోవడం ఎందుకని కూడా అడుగుతాడు.

మా నాయన చేసిన పనంతా అందులో ఉంది. ఇరుసు, సీల, కందెన. ఎన్నో వందల ఏళ్ల కిందట ఒక వైద్యుడు విధిని గురించి చెప్పాల్సి వచ్చి కమ్మరి కొలిమి దగ్గరికి వచ్చినాడు. సీల ఊడి బండి బోల్తా పడితే ఆ సీల ఎవరు చూడాల్సిందో ఊరందరికీ తెలుసు. అప్పుడు ‘ఎద్దు రాత’ అని ఎవరూ అనరు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెప్పినాడు కృష్ణుడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, ఐదోది దైవం. కరణాలంటే ఇంద్రియాలని పెద్దలు వ్యాఖ్యానం చెప్తారు. ఇనుముతో బతికేవాణ్ని కాబట్టి చేతిలోని పనిముట్టును కూడా నేను అందులో కలుపుకుంటాను. దైవం లేదని అక్కడ అనలేదు, ఉంది. కానీ వరుసలో చివర ఉంది. ముందరి నాలుగింటి లెక్క తేల్చకుండా ఐదోదాని దగ్గరికి పరుగెత్తేవాణ్ని భక్తుడని నేను అనుకోలేను.

ఇప్పుడు ట్రాక్టరు ఇంజను బలాన్ని వెనకనున్న రోటవేటరుకు అందించే పీటీవో షాఫ్టు దగ్గరికి వస్తాను. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. షాఫ్టు చుట్టుకొలత సుమారు జానెడు. చీర కొంగో తలగుడ్డ కొసో చిక్కితే ఒక్క సెకనులో దాదాపు రెండు మీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. అరిచేదానికి కూడా టైముండదు. మన పక్క ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని చేలోకి దిగుతారే, ఎండకూ ముల్లుకూ మాత్రమే కాదు, కొంగు ఎగరకుండా కూడా అది మంచి కాపు.

కొత్త షాఫ్టుకు ప్లాస్టిక్ తొడుగు వస్తుంది. షాఫ్టుతోపాటు తిరగకుండా దానికి చిన్న గొలుసు ఉంటుంది. కొన్నాళ్లకు గొలుసు తెగుతుంది, తొడుగు పగులుతుంది, తీసి గట్టున పారేస్తారు. రైతుకు లెక్కలేదని తిట్టడం సులువు. ఎందుకు పారేస్తారని వచ్చినవాళ్లనల్లా అడిగినాను. షాఫ్టు కీలులో ఉండే క్రాసుకు గ్రీసు కొట్టాలంటే ప్రతిసారీ తొడుగు జరపాలి, పొద్దున్నే పని తొందరలో అది కుదరదు, గ్రీసు కొట్టకపోతే క్రాసు విరుగుతుంది, అందుకని తొడుగే పోతుంది. ఇది తెలిసినాక నేను 16 గేజీ రేకును కమానులా వంచి, ట్రాక్టరు వెనక హౌసింగుకున్న బోల్టులకే బిగిసేట్టు కవరు చేస్తున్నాను. క్రాసుకు సరిగ్గా ఎదురుగా గ్రీసు గన్ను మూతి దూరేంత కిటికీ కోసి, దానికి చిన్న బందు, స్ప్రింగు పెట్టి తనంతట తానే మూసుకునేట్టు చేస్తాను. అట్లా చేసిన కవర్లు ఊడకుండా ట్రాక్టర్ల మీదే ఉంటున్నాయి. ధర్మం చెప్పేవాళ్లు కూడా ఈ కిటికీ సంగతి ఆలోచించాలి. పని చేసేవాని పొద్దు ఎట్లా గడుస్తుందో కనుక్కోకుండా చెప్పిన ధర్మం కూడా ఆ గట్టు మీదికే పోతుంది.

నాకు బాగా కావలసిన స్నేహితుడొకడు, పురాణాలు చదివినవాడు, రాత గురించి నేను చెప్పే ఈ మాటకు ఒప్పుకోడు. ప్రారబ్ధం అనుభవించక తప్పదు, నీ రేకు దాన్ని ఆపుతుందా అంటాడు. వానికి నేను ఒక సంగతి చెప్తాను. స్వీడన్‌లో 1959లో కొత్త ట్రాక్టర్లన్నిటికీ బోల్తా పడినా డ్రైవరు నలగకుండా కాచే ఇనుప చట్రం తప్పనిసరి చేసినారు. తర్వాత్తర్వాత ఆ దేశంలో ట్రాక్టరు తిరగబడి చచ్చేవాళ్లు బాగా తగ్గిపోయినారు. ఆ రైతులందరి ప్రారబ్ధమూ ఒక్క చట్టంతో మారిపోయిందా? మారిందని అంటే రాత ఇనుప పైపుకు లొంగుతుందని ఒప్పుకున్నట్టు. మారలేదని అంటే అంతకుముందు పోయిన ప్రాణాలు రాతవల్ల పోలేదని ఒప్పుకున్నట్టు. మా వాడు ఇంకా జవాబు వెతుకుతా ఉన్నాడు, దొరికితే మనసారా వింటాను. రాత మాట వస్తే ఈ జిల్లాలో వీరబ్రహ్మంగారిని, జరగబోయేదంతా ముందే చెప్పినాడని తలుచుకుంటారు. కందిమల్లాయపల్లెలో పనిముట్టు పట్టి బతికిన మా కులపు మనిషిగా ఆయన నాకు ఇంకా దగ్గర.

ప్రొద్దుటూరు దసరా చూడాలంటే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రెండో మైసూరని పేరు. మహర్నవమి నాడు మా వీధి నిండా ట్రాక్టర్లు నిలబడతాయి. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిదగుమ్మడి దిష్టి తీస్తారు. నాకు ఆ రోజంటే ప్రాణం. అన్నం పెట్టే ఇనుముకు మొక్కడం కంటే న్యాయమైన మొక్కు నాకు తెలియదు. కానీ పూజంటే ఆ వస్తువును నిండుగా చూడడం. బొట్టు పెట్టేటప్పుడు బ్రేకు పెడళ్లు రెండూ కలిపే పట్టీ ఉందో లేదో కనపడాలి. దండ వేసేటప్పుడు ట్రాలీ వెనక ఎర్ర రేడియం స్టిక్కరు మట్టికొట్టుకుని ఉందేమో కనపడాలి. మైదుకూరు రోడ్డు మీద చీకట్లో లైటు లేకుండా నిలబెట్టిన గడ్డి ట్రాలీ వెనకనుంచి వచ్చే మోటారుసైకిలు వానికి కనపడదు. నా దగ్గరికి పూజకు వచ్చే బండ్లకు నేను ఆ స్టిక్కరు అంటించి పంపుతాను, హారతి పళ్లెంలో వేసే డబ్బులు దానికే ఖర్చుపెడతాను.

పులివెందుల పక్క సమస్య వేరు. అక్కడ చీనీ, అరటి ఎక్కువగా బోర్ల మీదే బతుకుతాయి. నీళ్లు పడని బోరు వదిలేసి పక్కన ఇంకోటి వేస్తారు. నోరు తెరుచుకున్న పాత బోర్లలో పసిపిల్లలు పడడం దేశమంతా చూసింది, 2010లో సుప్రీంకోర్టు వాటిని పూడ్చాలని, మూయాలని ఆదేశాలిచ్చింది. జమ్మలమడుగులో లండన్ మిషన్ కాలం నుంచీ ఉన్న క్రైస్తవ కుటుంబాలలో నాకు తెలిసిన పాస్టరుగారొకరు ఉన్నారు. పూడ్చని బోరు గురించి మాట్లాడుతుంటే బైబిలు నిర్గమకాండంలో ఇదే న్యాయముందని చెప్పినారు. గొయ్యి తవ్వినవాడు మూత పెట్టకపోతే, ఎద్దో గాడిదో అందులో పడితే, నష్టం కట్టాల్సింది గొయ్యి సొంతదారే. పడిన ఎద్దు ఎవరిదో, దాని గ్రహచారం ఏమిటో అక్కడ ప్రశ్న లేదు. ఆ మాట విన్నప్పటినుంచీ కేసింగు పైపు మీద మందపాటి ప్లేటు పెట్టి చుట్టూ వెల్డింగు చేసే పనికి నేను కూలి తీసుకోవడం లేదు.

ఒకరోజు అదే పక్క లింగాల వైపు నుంచి ఒక పడుచు రైతు వచ్చినాడు. దొంగలు బోరు మోటారు కేబులు కోసుకుని పోయినారు, అంతకుముందు ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టి నూనె పారబోసి రాగి తీగ ఎత్తుకుపోయినారు. నీళ్లు లేక కాయ రాలిపోతా ఉంది. వాని కళ్లలో నీళ్లున్నాయి.

“ఆచారన్నా, స్టార్టరు పెట్టెకు కరెంటు పెట్టి పోతా. ముట్టుకున్నోడు ఆడికాడే పడాల. పెట్టె మాత్రం రేకుది చేసియ్యి.”

“చేసియ్యను అబ్బీ.”

“దొంగకే గదన్నా తగిలేది? వాని కర్మ.”

“పొద్దున్నే నీళ్లు కట్టను నీ పెండ్లాం పోతుందే, ఆమె ఏ కర్మ చేసింది? గొర్రెలు తోలుకుని వచ్చే పిల్లోడు?”

వాడు మాట్లాడలేదు. అడవిపందుల కోసం చేను చుట్టూ లాగిన కరెంటు తీగ తగిలి మనుషులు పోవడం పత్రికల్లో చదువుతానే ఉన్నాము. వచ్చేది ఖాయంగా దొంగే అయినా నా మాట మారదు. దొంగతనం దొంగ ఖాతా. వాని చావు మాత్రం తీగ పెట్టినవాని ఖాతా, పెట్టె చేసిచ్చిన నా ఖాతా. ఒక చుట్ట రాగికి మనిషి ప్రాణం సరితూగుతుందని నాకు తెలిసిన ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఆ రోజు షెడ్డు మూసేలోపు వానికి కావలసినది చేసిచ్చినాను. కేబులును ఇనుప పైపులో దూర్చి మోకాలి లోతు భూమిలో వేయమన్నాను. స్టార్టరు పెట్టెకు బందులు లోపలి వైపు వెల్డింగు చేసినాను, తాళం కొక్కెం బయటికి కనపడకుండా గొట్టంలో పెట్టినాను. పెట్టె మీద, ఫిల్టరు మీద, ట్రాలీ పిన్ను మీద వాని ఇంటిపేరు వెల్డింగు రాడ్డుతోనే రాసినాను. గ్రైండరు పెట్టినా ఆ మచ్చ పోదు, పాత ఇనుము కొనేవాడు చూసి అడుగుతాడు. కరెంటు రాగానే ఫోను మోగే స్టార్టరు పెట్టుకోమన్నాను, రాత్రిపూట చీకట్లో పాముల మధ్య నడిచే పని కూడా తగ్గుతుంది. పెట్టెకు ఎర్తు సరిగా లేదని చూసి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు గుంత ఎట్లా తీయాలో చెప్పి పంపినాను.

ఒక పని మాత్రం ఎవరడిగినా చేయను. ట్రాక్టరు మడ్‌గార్డు మీద మనుషులు కూర్చోను సీటు, పట్టుకోను పైపు పెట్టమని అడుగుతారు. వెనక రోటవేటరు తిరుగుతుంటుంది, జారితే దాని కిందికే. పక్క షెడ్డులో పెట్టించుకుంటామంటారు, పెట్టించుకుంటారు కూడా. పోయిన బేరానికి నాకు బాధ లేదు. ఆ సీట్ల మీద బడికి పోయే పిల్లల్ని చూసినప్పుడల్లా పోయి సొంతదారుతో మాట్లాడి వస్తాను. కొందరు వింటారు.

పీటీవో కవరు కావలసినవాళ్లు ఏ ఊళ్లో వెల్డరు దగ్గరైనా చేయించుకోవచ్చు. కొలతలు కంపెనీ కంపెనీకీ మారుతాయి కాబట్టి ట్రాక్టరు తీసుకుపోయి, రోటవేటరు తగిలించి, పైకెత్తి, దించి, షాఫ్టు ఎక్కడెక్కడ తిరుగుతుందో చూసినాకే రేకు కోయమనండి. కవరుకూ షాఫ్టుకూ మధ్య చుట్టూ మూడు వేళ్ల ఎడం ఉండాలి. యోకు బోల్టు తల పైకి పొడుచుకుని ఉంటే మార్పించండి, గుడ్డ చిక్కేది దానికే. రేకు అంచులు మడవాలి, లేకపోతే చెయ్యి కోసుకుంటుంది. గ్రీసు కిటికీ తలుపు పైనుంచి కిందికి పడేట్టు ఉండాలి. దాన్ని తెరిచేముందు ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి.