చిత్రదినచర్యకు సాక్షి యెవరు?

బాలుడు తనకొక పుస్తకమును ప్రత్యేకముగ నేర్పఱచుకొని, ఆనాటి తలపును రెండు వాక్యములలో వ్రాసి, దానిచుట్టు నీటిరంగులు పూసి, పాత వార్తాపత్రిక ముక్కనో బస్సు టిక్కెట్టునో ఎండుటాకునో జిగురుతో అతికించి, అక్షరమును వర్ణమును వస్తువును ఒకే పుటయందు సమావేశపఱచుటను మిశ్రమ మాధ్యమ చిత్రదినచర్య యనవచ్చును. పాఠశాలలయందు దీనిని చేతిపనిగా నేర్పుట కష్టము కాదు. అయితే గురువునకొక ధర్మసందేహము కలుగవలసియున్నది: తన్ను తాను చూచుకొనుటకై బాలుడు నింపిన పుటకు మఱొకరు మార్కులు వేయవచ్చునా?

పలుచని కాగితము తడికి ముడుతలు పడుననియు, కావున రెండు పుటల నొకటిగా అతికించి ఆరనీయవలెననియు, తడి రంగుపై వ్రాసిన సిరా పాఱుననియు, తెల్లని మైనపు కడ్డీతో తెల్లకాగితముపై గీసినది మొదట కానరాకున్నను, నీటిరంగు పూయగనే, మైనము నీటిని గ్రహింపమిచే, బయల్పడుననియు గురువు చెప్పవలెను. ఇది విద్య, దీనియందు తప్పొప్పులు కలవు, దిద్దుబాటు కలదు. కాని యా మైనపు గీతవలె మనస్సున అదృశ్యముగ నుండి, అనుభవము సోకినపుడు గాని పైకి రాని సంస్కారములను కొలుచుటకు గురువుకడ కొలబద్ద యేది?

రవీంద్రనాథ ఠాకూరు 1924లో అర్జెంటీనా దేశమున రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆతిథ్యమున నుండి ‘పూరబి’ కవితలు వ్రాయునపుడు, కొట్టివేసిన పదములను అట్లే విడువక, గీతలతో కలుపుచు, పక్షులుగను వింత మృగములుగను మలచుచుండెను. నోబెల్ బహుమానము నందిన 11 ఏండ్ల తరువాతి మాట యిది. ఆ పుటలు ఆమె నాకర్షించెను. 1930లో పారిస్ నగరమున ఆయన చిత్రప్రదర్శన జరుగుటకు ఆమెయే తోడ్పడెను. ఆ వ్రాతప్రతియే పరీక్షకుని చేత బడియుండినచో, అతడు మొదట లెక్కించునవి కొట్టివేతలే గదా! పొరపాటును దాచుకొననక్కఱలేని యేకాంతము లభించుటచేతనే అచట దోషము రూపమునకు బీజమైనది.

ముండకోపనిషత్తునందు ఒకే వృక్షము నాశ్రయించిన రెండు పక్షుల ప్రసక్తి కలదు: ఒకటి ఫలమును భుజించును, రెండవది భుజింపక చూచుచుండును. వేదాంతుల వ్యాఖ్యానముల లోతునకు పోకయే, అనుభవించుట వేఱు, అనుభవమును చూచుట వేఱు అను వివేకమును బాలునకు అందింపవచ్చును. పగలు తోటివానిపై కోపించినవాడు సాయంకాలమున ఆ కోపమునకు ఏ రంగు తగునని యోచించు క్షణమున, కోపము తాను గాక, తాను చూచు వస్తువగుచున్నది. ఈ చూపే యీ సాధనకు ఫలము. మార్కులు వచ్చునని యెఱిగినవాడు తన కోపమును గాక గురువు మెచ్చు శాంతమును చిత్రించును; అపుడు సాక్షి స్థానమున పరీక్షకుడు కూర్చుండును, పుట అందగించును, సత్యము తొలగును.

పరీక్ష లేనిచో శ్రద్ధ యెట్లు కలుగునని కొందఱు అడుగవచ్చును. పనితనమును వేఱు కాగితములపై చేయించి పరీక్షింపుడు. దానికెవరును అడ్డు చెప్పరు. దుఃఖమున నున్న బాలుని కనిపెట్టుట యెట్లందురా, వాడు తానై పుట తెఱచి చూపినపుడు తీర్పు చెప్పక వినగల గురువుకడకు వాడు తప్పక వచ్చును. ఉపాధ్యాయులారా, రంగు కలుపుట నేర్పుడు, జిగురు పూయుట నేర్పుడు. పుస్తకమును మాత్రము బాలునకే విడువుడు.