నాబోతు ద్రాక్షతోట – మన నల్లమల

ధ్యానాంశము: 1 రాజులు 21:1-19



దివ్యగ్రంథంలో ఒక భూమి తగాదా కథ ఉన్నది. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల రైతు కుటుంబాలకు దానిని విడమరిచి చెప్పనక్కరలేదు, వినగానే అర్థమవుతుంది. ఆహాబు రాజు మేడ పక్కనే నాబోతు అనే సామాన్యునికి ఒక ద్రాక్షతోట ఉండేది. దానిని కూరగాయల తోటగా చేసుకోవాలని రాజు కోరాడు. ఊరికే ఇమ్మనలేదు. అంతకంటె మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే రొక్కం ఇస్తానన్నాడు. నాబోతు ఒప్పుకొనలేదు. అది తన పితరుల నుండి వచ్చిన స్వాస్థ్యం గనుక ఇవ్వజాలనన్నాడు. రాజు ఇంటికి పోయి, ముఖం తిప్పుకొని, అన్నం మాని పడుకొన్నాడు. అప్పుడు యెజెబెలు రాణి రాజు పేర జాబులు వ్రాసి, రాజముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపింది. పెద్దలు ఉపవాసదినం చాటించారు, సభ చేర్చారు, ఇద్దరు సాక్షులను నిలబెట్టారు. ఆ సాక్ష్యం కల్ల. నాబోతును రాళ్లతో కొట్టి చంపారు. రాజు తోటను స్వాధీనం చేసికొనబోగా, ఏలీయా ప్రవక్త ఆ తోటలోనే అతనికి ఎదురయ్యాడు.

ఈ కథలో మూడు సంగతులు గమనించండి. మొదటిది, రాజు తోటను అడగడం పాపం కాదు. ప్రభుత్వానికి అవసరాలు ఉంటాయి, అడగవచ్చు. కాదన్న మాటను వినలేకపోవడంలో పాపం మొదలైంది. రెండవది, ఆనాడు పద్ధతి ప్రకారం జరగవలసినవన్నీ జరిగాయి. సభ ఉంది, సాక్షులు ఉన్నారు, ముద్ర ఉంది, సంతకాలు ఉన్నాయి. లేనిది సత్యం ఒక్కటే. మూడవది, తోట ఎలా వచ్చిందని ఆహాబు అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది, తెలిస్తే అనుభవించలేడు. అందుకే మారు మాట్లాడకుండా లేచి వెళ్లాడు.

నల్లమలలో జరిగినది

మన నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాద్ అడవి చెంచు బిడ్డల నివాసం. వారి పెంటలు, వారి తేనె, వారి దేవతలు, వారి సమాధులు అన్నీ అక్కడే ఉన్నాయి. అది పులుల అభయారణ్యం కూడా. ఆ అడవి నేలలో యురేనియం ఉన్నదేమో వెదకాలని, హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న కేంద్ర అణు ఖనిజ అన్వేషణ సంస్థ ప్రతిపాదించింది. సుమారు 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణ, వేల సంఖ్యలో బోరు రంధ్రాలు అన్నది ఆ ప్రతిపాదన. 2016 డిసెంబరులో రాష్ట్ర వన్యప్రాణి మండలి అన్వేషణకు అనుకూలంగా సిఫారసు చేసింది. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సమ్మతించింది. కావలసిన పత్రాలు, వివరాలు ఇంకా పూర్తిగా దాఖలు కాకముందే, దేశానికి ముఖ్యమైన పని గనుక ఆ సమ్మతి వచ్చింది. పత్రాలు తర్వాత సమర్పించమన్నారు.

ఆ సంగతి బయటికి పొక్కగానే అమ్రాబాద్, పదర, మన్ననూరు ప్రాంతాలు కదిలాయి. విద్యార్థులు, రైతులు, చెంచులు, రచయితలు, సినిమా నటులు సైతం నల్లమలను కాపాడమన్నారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఇది ప్రజాస్వామ్యంలో మంచి దినం. అయితే ఆ దినానికి ముందు మూడేండ్లు కాగితాలు ఒక బల్ల నుండి మరొక బల్లకు నడుస్తూ ఉండగా, ఆ నేల మీద నివసించేవారి పెంటకు వచ్చి ఎవరు నచ్చజెప్పారు? వారి భాషలో, వారి చెట్టు కింద కూర్చుండి ఎవరు వివరించారు? ఈ ప్రశ్న ఏ ఒక్క పార్టీనీ ఉద్దేశించినది కాదు. ముద్ర వేసిన జాబు ఎవరి చేతిలో ఉన్నా ఈ ప్రశ్న వర్తిస్తుంది.

భయానికి కారణం ఉన్నది

యురేనియం ఖనిజం మన దేశంలో చాలా పలుచన. కడప జిల్లా తుమ్మలపల్లె ఖనిజంలో వెయ్యి కిలోల రాయి పిండి చేస్తే ఒక కిలో యురేనియం కూడా దొరకదు. మిగిలిన బురదనంతా చెరువు వంటి మడుగులో నిలవ చేయాలి. యురేనియం తీసివేసినా దాని వెంట ఉండే రేడియం వంటి పదార్థాలు ఆ బురదలోనే ఉంటాయి. రేడియంలో సగం తరిగిపోవడానికే సుమారు 1,600 సంవత్సరాలు పడుతుంది. కాబట్టి ఆ మడుగుకు కట్టిన గట్టు, అడుగున పరచిన పొర మన మునిమనుమల మునిమనుమల కాలం దాకా చెక్కుచెదరకుండా నిలవాలి. తుమ్మలపల్లె కర్మాగారం 2012లో మొదలైంది. తర్వాత కొన్నేండ్లకే చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని మొరపెట్టుకొన్నారు. తమ వలన కాదని సంస్థ చెప్పింది. ఇటువంటి చోట ఎవరి మాట నిజమో తేలాలంటే, ఇరుపక్షాలు నమ్మే పరీక్ష, అందరూ చదవగల ఫలితం కావాలి. అది లేని చోట భయమే శాస్త్రమై కూర్చుంటుంది. నల్లమల వాననీరు చివరకు కృష్ణమ్మలో కలుస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ నీళ్లు తాగే లక్షల కుటుంబాలకు ఇది పరుల సంగతి కాదు.

అట్లని శాస్త్రాన్ని శపించే వాళ్లం కాకూడదు. కిరణాలతోనే మన ఆసుపత్రులలో కాన్సరు రోగులకు చికిత్స జరుగుతున్నది. అణువిద్యుత్తు మన దేశపు కరెంటులో నూటికి సుమారు మూడు వంతులు మాత్రమే అయినా, బొగ్గు పొగ లేని కరెంటు. యోబు గ్రంథం 28వ అధ్యాయం చదవండి. మనుష్యుడు చీకటిలోకి దీపం తీసికొనిపోయి కొండల వేళ్లను తవ్వి, దాగిన లోహాన్ని వెలుగులోకి తెస్తాడని ఆ గ్రంథకర్త మెచ్చుకొంటాడు. ఆ వెంటనే, ఇంత లోతుకు దిగినవానికి వివేకం మాత్రం ఏ గనిలో దొరుకుతుందని అడుగుతాడు. సర్వేశ్వరుని పట్ల భయభక్తులు, చెడునుండి తొలగిపోవడం - ఇదే వివేకమని ఆయన ముగింపు.

దాచుట వేరు, అబద్ధమాడుట వేరు

'ఇది దేశభద్రతకు సంబంధించినది, అన్నీ చెప్పకూడదు' అని కొందరు అంటారు. ఈ మాటను తేలికగా తోసివేయరాదు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. సైన్యం ఎక్కడ ఉన్నదో, ఆయుధం ఎలా పనిచేస్తుందో ఊరంతా చాటే ప్రభుత్వం తన ప్రజలకే ద్రోహం చేస్తుంది. ఇంటికి తాళం వేయడం పాపం కాదు. కాని ఇంటి యజమాని తన బిడ్డలు తాగే కుండలో ఏమి కలిసిందో వారికి చెప్పకుండా తాళం వేస్తే? అది భద్రత కాదు. రహస్యం శత్రువునుండి దాచవలసినది. నష్టం భరించవలసిన వానినుండి దాచవలసినది కాదు. ఇదే మనకు గీటురాయి.

పునీత తోమాసు అక్వినాసు చట్టాన్ని నిర్వచిస్తూ నాలుగు గుణాలు చెప్పాడు. అది బుద్ధికి తగినదై ఉండాలి, సర్వజన శ్రేయస్సు కోసం ఉండాలి, సమాజ బాధ్యత గలవారి నుండి రావాలి, ప్రజలకు ప్రకటించబడాలి. ఈ నాలుగవదానిని మనం తరచుగా మరచిపోతాం. ప్రకటించని శాసనం మనుష్యుని మనస్సాక్షిని కట్టలేదు. ఎందుకంటే సర్వేశ్వరుడు మనిషికి బుద్ధి ఇచ్చాడు. వినిపించి, అర్థం చేయించి విధేయత కోరడమే ఆ బుద్ధికి ఇచ్చే గౌరవం. మన సమాచార హక్కు చట్టం (2005) కూడా దేశభద్రత విషయాలకు మినహాయింపు ఇస్తూనే, దాచడంకంటె చెప్పడంలో ప్రజాప్రయోజనం ఎక్కువైతే చెప్పవచ్చునన్నది.

అంతర్జాతీయ రంగంలోనూ ఇదే పాఠం. 1974 మే 18న పోఖ్రాన్‌లో మన దేశం జరిపిన విస్ఫోటనాన్ని శాంతియుతమని పిలిచారు. కెనడా దేశం శాంతి అవసరాలకని ఇచ్చిన రియాక్టరు నుండే దానికి పదార్థం వచ్చింది. ఆ పనిలో ముఖ్యుడైన శాస్త్రవేత్త రాజా రామన్న గారే 1997లో అది బాంబేనని బహిరంగంగా చెప్పారు. ఆ విస్ఫోటనం తర్వాత అణు సరఫరా దేశాలు ఒక కూటమి కట్టి మనకు ఇంధనం బిగబట్టాయి. 2008 ఒప్పందాలతో ఆ కట్టు సడలింది; అయితే విదేశీ యురేనియం పరిశీలకుల కంటి కింద ఉండే రియాక్టర్లకే వాడాలి. అందువల్ల మన నేలలో దొరికే యురేనియానికి మరింత విలువ. అమ్రాబాద్ చెంచు పెంటకూ ప్రపంచ రాజధానులలోని చర్చలకూ మధ్య ఇంత దగ్గర దారి ఉన్నది. ఒక మాటకు పెట్టిన పేరు ముప్ఫై ఏండ్ల పాటు నమ్మకాన్ని ఎలా తినివేస్తుందో కూడా ఇందులో కనబడుతుంది.

ఇచ్చిన మాట, తీరని బాకీ

నమ్మకం గురించి మన ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద కొల్లాపూర్, వనపర్తి, అలంపూర్ వైపు ఊళ్లు, ఆవల కర్నూలు వైపు ఊళ్లు కలిసి వందకు పైగా గ్రామాలు నీట మునిగాయి. 1981లో ఇండ్లు కూల్చి జనాన్ని కదిలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో జాగ్రత్తగా మరల నిలబెట్టారు. అది మెచ్చదగిన పని. మనుష్యుల కాపురాలను కూడా అంత జాగ్రత్తగా విప్పి, అంత జాగ్రత్తగా నిలబెట్టి ఉంటే ఎంత బాగుండేది! ముంపు కుటుంబాలలో ఒక్కొక్కరికి ఉద్యోగమని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. దాని కోసం కాళ్లరిగేలా తిరిగి, దరఖాస్తు చేతిలోనే ముసలివారైన వారు మన విచారణలలో లేరా? 'దేశం కోసం' అనే మాట వారు ఒకసారి విన్నారు, నమ్మారు. రెండవసారి అదే మాట అనేవారు మొదటి బాకీ సంగతి తేల్చి రావడం న్యాయం.

గద్వాల చీర చూడండి. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగు పోగూ కలిపి నేస్తేనే అది చీర. ఆ కలయిక దగ్గర పోగులు తెగితే పట్టు ఎంత ఖరీదైనదైనా చీర చీలిపోతుంది. ప్రభుత్వం, ప్రజలు కలిసే చోట ఉన్న పోగు పేరు సత్యం.

ఇప్పుడు ఇది ఎందుకు చెప్పవలసి వచ్చినదంటే, నల్లమల విషయం 2019తో ముగిసిందని మనం నిద్రపోరాదు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయింపు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం, 1962 నాటి అణుశక్తి చట్టం స్థానంలో వచ్చి, అణువిద్యుత్ రంగంలోకి ప్రైవేటు సంస్థలను ఆహ్వానించింది. దేశానికి కరెంటు కావాలి, కాదనము. కాని నాబోతును సభకైనా పిలిచారు. సభే లేకుంటే అతడు ఎక్కడ మాట్లాడాలి?

శ్రీసభ ఏమి బోధిస్తున్నది

ఆయుధాల సమతూకం మీద కాక పరస్పర విశ్వాసం మీదనే నిజమైన శాంతి నిలుస్తుందని పునీత 23వ యోహాను పాపు గారు 1963 నాటి విశ్వలేఖలో బోధించారు. నగరాలను, వాటి జనాన్ని విచక్షణ లేకుండా నాశనం చేయడం దేవునికీ మానవునికీ వ్యతిరేకమైన నేరమని రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. ఫ్రాన్సిస్ పాపు గారు 2019 నవంబరు 24న హిరోషిమాలో నిలబడి, అణ్వాయుధాల వాడకమే కాదు, వాటిని కలిగి ఉండటం కూడా అనైతికమన్నారు. అదే పాపు గారు 2015 నాటి 'లౌదాతో సీ' విశ్వలేఖలో, ఆదివాసుల భూములను తాకే పెద్ద పనులు తలపెట్టినప్పుడు ముందుగా మాట్లాడవలసినది వారితోనే అని, పర్యావరణ పరిశీలన ఏ ఒత్తిడీ లేకుండా అందరి ఎదుట జరగాలని నేర్పారు. మన పాలకులలో చాలామంది క్రైస్తవులు కారు. ఈ బోధనకు వారిని కట్టలేము. మనలను మాత్రం అది కట్టుతుంది.

మన వంతు

ప్రియులారా, యెజెబెలును నిందించడం సులభం. కాని ఆ జాబు చదివి, అది కల్ల అని తెలిసి, నోరు మెదపని ఊరి పెద్దలు మనవంటివారే. మీ ఊరి గ్రామసభకు వెళ్లండి. ఏమి వ్రాశారో చదివించుకొని గాని వేలిముద్ర వేయకండి. తెలియనిది ఉంటే సమాచార హక్కు కింద వ్రాసి అడగండి. మామూలుగా 30 రోజులలో జవాబు రావాలి. చదువుకొన్న మన యువకులు చదువురాని చెంచు సోదరునికి ఆ దరఖాస్తు వ్రాసి పెట్టడం కూడా ప్రేమ కార్యమే.

ఇంకొక మాట. ఎనిమిదవ ఆజ్ఞ ప్రభుత్వానికి మాత్రమే ఇవ్వబడలేదు. సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి భయంకర వార్తను, నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపేవాడు కూడా కల్ల సాక్షియే. న్యాయమైన పోరాటానికి అబద్ధం తోడైతే, రేపు నిజం చెప్పినా ఎవరూ వినరు. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్లు ఉండాలని ప్రభువు నేర్పిన మాట ఇంట్లో మొదలు కావాలి. పొలం కాగితంలో, కూలి లెక్కలో, పెండ్లి సంబంధం మాటలో నిజం పలికే కుటుంబమే పాలకులను నిజం అడగగలదు.

ఆహాబు అడగని ప్రశ్నను మనం అడుగుదాము. మన ఇంట్లో వెలిగే దీపానికి ఎవరి అడవి, ఎవరి నీరు మూల్యమైనదో తెలిసికొందాము. ఏలీయా రాజసభకు పోలేదు, తోటలోకే పోయాడు. అన్యాయం జరిగే చోటికి నడిచివెళ్లే ధైర్యాన్ని, అక్కడ కోపంతో కాక సత్యంతో మాట్లాడే కృపను, సత్యాత్మ అయిన పవిత్రాత్మ మన కుటుంబాలకూ మన పాలకులకూ దయచేయునుగాక. ఆమెన్.