బరువు ఎక్కడికి పోతుంది?

2022లో ఫెలోషిప్ మీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు, నేనున్న ఊళ్ళో ఒక చిన్న నాటకశాల వాళ్ళ కుట్టుగదిలో శని, ఆదివారాలు పనికి కుదిరాను. జీతం లేని పని. విక్టోరియన్ నవలల్లో స్త్రీల ఇంటిచాకిరీ మీద పీహెచ్‌డీ చేశానే గానీ, ఆ ఆడవాళ్ళు ఒంటిమీద ఎంత బరువు మోస్తూ ఆ చాకిరీ చేశారో నేనెప్పుడూ ఆలోచించలేదు. అక్కడ 1860ల నాటి కథను నాటకం వేస్తున్నారు. కథానాయిక గౌను తూస్తే ఆరు కిలోల పైచిలుకు తేలింది. దాన్ని లోపలి నుంచి నిలబెట్టే క్రినోలిన్ తయారుచేయడం నా వంతుకు వచ్చింది.

క్రినోలిన్ అంటే నిజంగా పంజరమే. సన్నని స్ప్రింగ్ స్టీలు పట్టీలను కొలతకు కత్తిరించి, మొనలు గుచ్చుకోకుండా తొడుగులు వేసి, వలయాలుగా చుట్టాలి. మేం ఆరు వలయాలు వేశాం. అన్నిటికన్నా కిందిదాని చుట్టుకొలత మూడు మీటర్లు. నడుం పట్టీ నుంచి నిలువుగా వేలాడే మందపాటి టేపులకు ఒక్కో వలయాన్నీ బిగించి కుట్టాలి. వెనకవైపు ఉబ్బెత్తుగా, ముందువైపు చదునుగా రావాలి. దానిమీద ఒక కుచ్చుల లంగా వేయకపోతే స్టీలు గుర్తులు గౌను మీద పక్కటెముకల్లా కనిపిస్తాయి. కూర్చునేటప్పుడు వెనక వలయాన్ని కాస్త ఎత్తి పట్టుకోవడం నటికి నేర్పాలి. లేకపోతే ముందు భాగం మొహం దాకా లేస్తుంది.

నా పంజరం చూడడానికి బాగానే వచ్చింది. రిహార్సల్ మొదలైన అరగంటకే ఆ అమ్మాయి నడుం చుట్టూ ఎర్రటి వాతలు తేలాయి. కుట్టుగది పెద్దావిడ వచ్చి పట్టీ విప్పి చూసింది. "గౌనును పంజరం మోస్తుంది, సరే. పంజరాన్ని ఎవరు మోస్తున్నారు?" అని అడిగింది. నేను పట్టీని మరీ సన్నగా కుట్టాను. వెడల్పు పట్టీ వేసి, కింద కార్సెట్ తొడిగి, తుంటి మీద దూది కూరిన చుట్ట ఒకటి కట్టాక గానీ ఆ అమ్మాయికి ఊపిరాడలేదు. బరువు మాత్రం ఒక్క గ్రాము తగ్గలేదు. పంజరం బరువు కూడా కలిసి ఇంకాస్త పెరిగింది. అది పడే చోటు ఒక్కటే మారింది.

ఈ పంజరం చరిత్ర చదివితే మనకు సూటిగా కోపం తెచ్చుకునే వీలుండదు. 1856లో స్టీలు పంజరానికి పేటెంట్ వచ్చే ముందు, గౌను ఉబ్బుగా నిలబడాలంటే లంగా మీద లంగా, ఐదారు వేసుకోవాలి. వాటిలో ఒకటి గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన గరుకు గుడ్డ. క్రినోలిన్ అన్న పేరు ముందు ఆ గుడ్డదే. ఫ్రెంచిలో 'క్రిన్' అంటే గుర్రపు వెంట్రుక. ఆ లంగాలన్నీ కాళ్ళకు చుట్టుకునేవి. పంజరం వచ్చాక అవన్నీ పోయి, గుడ్డ కాళ్ళకు దూరంగా జరిగింది. ఆడవాళ్ళు హాయిగా అడుగులు వేశారు. దొరసానులే కాదు, పనివాళ్ళు కూడా కొనుక్కున్నారు. 1860లో కోర్టాల్డ్స్ బట్టల మిల్లు, పనిలోకి వచ్చేటప్పుడు వీటిని ఇంట్లో వదిలి రమ్మని ఆడకూలీలకు చెప్పాల్సి వచ్చింది. 'పంచ్' పత్రిక ఈ గౌన్ల మీద కార్టూన్ల మీద కార్టూన్లు వేసింది. ఆడవాళ్ళు మరీ ఎక్కువ చోటు ఆక్రమిస్తున్నారన్నది ఆ ఎగతాళిలో పెద్ద భాగం.

అదే పంజరం ప్రాణాలూ తీసింది. గౌను అంచు ఒంటికి మూరెడు దూరంలో ఉంటుంది. అది నిప్పుకు తగిలిన సంగతి వేసుకున్న మనిషికి వెంటనే తెలియదు. 1871లో ఐర్లండులో ఒక విందులో ఆస్కార్ వైల్డ్ సవతి అక్కల్లో ఒకరి గౌనుకు మంట అంటుకుంది. ఆర్పబోయిన రెండో ఆమె గౌనూ అంటుకుంది. ఇద్దరూ చనిపోయారు.

నన్ను ఎక్కువగా వేధించింది అమీలియా బ్లూమర్ కథ. అమెరికాలో 1851లో తన పత్రిక 'ది లిలీ'లో, పొట్టి గౌను కింద వదులు పైజామా వేసుకుందాం రండి అని ఆమె ప్రచారం చేసింది. ఆ దుస్తులకు ఆమె పేరే పడింది. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ కూడా వేసుకుని, వీధుల్లో వెక్కిరింతలు భరించలేక రెండేళ్ళకు మానేసింది. బ్లూమర్ ఇంకొన్నేళ్ళు నిలబడింది. చివరికి ఆమె కూడా మానేసింది. పంజరం తేలిగ్గా, సుఖంగా ఉండడం తను మానడానికి ఒక కారణమని ఆమే రాసుకుంది. అంటే బరువు భరించగలిగేదిగా మారగానే, దాన్ని దించాలన్న పట్టు సడలింది. లండన్‌లో రేషనల్ డ్రెస్ సొసైటీ పెట్టి, ఆడదాని లోదుస్తుల బరువు ఏడు పౌండ్లు, అంటే దాదాపు 3.2 కిలోలు, దాటకూడదని లెక్క కట్టడానికి 1881 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇది చదువుతున్న రోజుల్లోనే గుంటూరు నుంచి అమ్మ ఫోన్లు వస్తుండేవి. నాయనమ్మకు పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. ఎత్తడం, కడగడం, తినిపించడం, రాత్రి రెండుసార్లు లేచి పక్క తిప్పడం, అంతా అమ్మే. మా చుట్టాలు ఆమెది భూదేవంత ఓర్పు అని మెచ్చుకునేవారు. మా అన్నయ్య అదే ఊళ్ళో ఉంటూ ఆదివారం మధ్యాహ్నం వచ్చి చూసి వెళ్ళేవాడు. అమ్మ నడుం నొప్పి అనడం మొదలుపెట్టాక, నా ఫెలోషిప్ డబ్బుతో రాత్రీ పగలూ ఉండే ఒక ఆయాను పెట్టించాను. పెద్ద పని చేశాననుకున్నాను.

రెండు నెలలు పోయాక అమ్మ ఒక మాట అంది. "ఇప్పుడు నన్నెవరూ ఎలా ఉన్నావని అడగడం లేదే అమ్మాయ్. ఆయా వచ్చిందా అని అడుగుతున్నారు." రెండో సంగతి ఇంకొన్నాళ్ళకు తెలిసింది. ఆ ఆయాకు ఇంట్లో మంచం పట్టిన అత్త ఉంది. ఆరో తరగతి చదివే కూతురు బడి మానేసి ఆ ముసలామెను చూసుకుంటోంది. మా ఇంటి బరువు దిగి పదకొండేళ్ళ పిల్ల నడుం మీద పడింది. నేను కుట్టిన సన్నపట్టీ గుర్తొచ్చింది.

మరి ఆధారం ఇవ్వడం తప్పా? ఈ ప్రశ్నతో చాలా రోజులు కొట్టుకున్నాను. భరించలేని స్థితి వస్తేనే ఆడవాళ్ళు తిరగబడతారు, ఊతకర్రలు అందిస్తే పోరాటం వెనకబడుతుంది అనే వాదన మన మీటింగుల్లో విన్నదే. బ్లూమర్ కథ దాన్ని సమర్థిస్తున్నట్టే ఉంటుంది. కానీ ఆ వాదనను అమ్మ నడుం మీద పెట్టి చూడండి. నా సిద్ధాంతం గెలవడానికి ఆమె వెన్నుపూసలు అరిగిపోవాలి. ఆ హక్కు నాకెవరిచ్చారు? ఐదు లంగాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కిన ఆడది పంజరం కొనుక్కుంటే, ఆమెను తప్పు పట్టడానికి మనమెవరం?

ఆయాను పెట్టినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. పెట్టి ఊరుకున్నందుకు ఉంది. డబ్బు పంపగానే ఇంట్లో అడగాల్సిన ప్రశ్న అడగకుండా తప్పించుకున్నాను. నాయనమ్మకు కొడుకున్నాడు, మనవడున్నాడు. వాళ్ళ నడుములు ఖాళీగానే ఉన్నాయి. నా డబ్బుతో ఆ ఖాళీని ఇంకా భద్రం చేశాను. ఓర్పు అని మనం పొగిడేది చాలాసార్లు ఇలాంటి ఏర్పాటునే. లోపలి స్టీలు ఎవరికీ కనిపించదు, పైన గౌను మాత్రం అందంగా నిలబడుతుంది.

తిరిగొచ్చాక ఇంట్లో పెద్ద గొడవే అయింది. "డబ్బులు కావాలంటే నేనూ ఇస్తాగా" అన్నాడు అన్నయ్య. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి ఆయా పని పగటికే పరిమితం చేశాం, జీతం తగ్గించలేదు. ఆమె కూతురు మళ్ళీ బడికెళ్తోంది. ఆరు నెలలు పోయింది గనక వెనకబడింది. నాన్న డెబ్భై ఏళ్ళ వయసులో తన తల్లికి డైపర్ మార్చడం నేర్చుకున్నాడు. వారంలో రెండు రాత్రులు ఆయనవి. మిగిలిన ఐదు ఇప్పటికీ అమ్మవే.

అన్నయ్య ఇంకా ఆదివారం మధ్యాహ్నాలే వస్తున్నాడు. ఈ పండక్కి వెళ్ళినప్పుడు ఆ మాట మళ్ళీ ఎత్తాలి.