కొత్త ఇల్లు, పాత స్పీకర్: వినే చెవి ఎవరిది?



ఇల్లు మారతాం. మంచాలు, బీరువా, గిన్నెలు సర్దుకుంటాం. కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ వస్తుంది. షెల్ఫ్ మీద స్మార్ట్ స్పీకర్ పెట్టి, ఎప్పట్లాగే పేరు పెట్టి పిలుస్తాం. అది పలకదు. లేదంటే ఇంటర్నెట్‌కి కలవలేకపోతున్నానని ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంటుంది. ఇక ఇంట్లో తలా ఒక మాట. "సామాను మోసేటప్పుడు ఎక్కడో దెబ్బ తగిలుంటుంది" అని ఒకరు. "పాతదైపోయింది, కొత్తది కొందాం" అని ఒకరు. ఇంకొకరు గుమ్మం వైపు చూసి, "ఈ ఇల్లు మనకి అచ్చిరాలేదేమో" అని నసుగుతారు.

ఇంత చిన్న విషయం ధమ్మ కరపత్రంలో ఎందుకు అంటారా? ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. అది ఎందుకు ఆగిపోయింది అన్నది మొదటిది. దానికి జవాబు తెలుసుకుంటే పది నిమిషాల్లో స్పీకర్ మళ్లీ పాడుతుంది. ఇంట్లో అందరి మాటలూ వినగలిగే యంత్రాన్ని మళ్లీ కలుపుతున్నాం, ఎవరిని అడిగి కలుపుతున్నాం అన్నది రెండోది. ఆ ప్రశ్న స్పీకర్ డబ్బాలో వచ్చే కాగితం మీద ఉండదు. మనమే వేసుకోవాలి.

ఎందుకు మూగబోయింది?

కారణం లేకుండా ఏదీ జరగదు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది. ధమ్మం మనకి నేర్పిన మొదటి పాఠాల్లో ఇదొకటి. దాన్ని ఈ డబ్బాకి పెట్టి చూడండి.

స్పీకర్ మాట్లాడాలంటే కరెంటు ఉండాలి. వైఫై ఉండాలి. ఆ వైఫై వెనక ఇంటర్నెట్ నడుస్తూ ఉండాలి. ఆ ఇంటర్నెట్ చివర కంపెనీ కంప్యూటర్లు పని చేస్తూ ఉండాలి. మన అకౌంటు దానికి కలిపి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తెగినా డబ్బా మూగదే. మనం విన్న గొంతు ఆ డబ్బాలో ఏనాడూ లేదు. ఇన్ని కలిసినప్పుడు పుట్టింది, ఒకటి విడిపోగానే ఆగింది.

ఇక్కడ తెగింది ఏమిటి? ఎక్కువ స్పీకర్లకి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. మొదటిసారి ఫోన్లోని యాప్ ద్వారా మనం చెప్పిన వైఫై పేరు, పాస్‌వర్డ్ మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. కొత్త ఇంట్లో ఆ పేరుతో వైఫై లేదు. పాత పేరు కోసం వెతుకుతూనే ఉంటుంది. పక్కనే కొత్త రౌటర్ వెలుగుతున్నా దానికి అది పరాయిదే. దెబ్బా తగల్లేదు, ఇంటికి దోషమూ లేదు. మారిన కారణం ఒక్కటే. గుమ్మానికి గుమ్మడికాయ కట్టే ముందు పాస్‌వర్డ్ సరిచూసుకుంటే చాలు.

మళ్లీ కలపడం ఎలా?

ముందు మీ ఫోన్‌ని కొత్త వైఫైకి కలపండి. ఫోన్లో ఏదైనా ఒక పేజీ తెరుచుకుంటుందేమో చూడండి. అక్కడే నెట్ రాకపోతే తప్పు స్పీకర్‌ది కాదు. ఫోన్లో బ్లూటూత్, లొకేషన్ ఆన్ చేయండి. వీపీఎన్ ఉంటే ఆపండి.

అమెజాన్ ఎకో అయితే అలెక్సా యాప్ తెరిచి, డివైసెస్‌లో మీ స్పీకర్‌ని ఎంచుకుని, సెట్టింగ్స్‌లో వైఫై నెట్‌వర్క్ దగ్గర మార్చండి. స్పీకర్ మీద చుక్క గుర్తున్న బటన్‌ని నారింజ రంగు దీపం వెలిగేదాకా నొక్కి పట్టుకోమంటుంది. ఆ దీపం వెలిగిందంటే కొత్త పేరు వినడానికి సిద్ధంగా ఉన్నట్టు. యాప్‌లో కొత్త వైఫై ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి.

గూగుల్ నెస్ట్ మినీ అయితే పాత ఇల్లు వదిలే ముందే గూగుల్ హోమ్ యాప్‌లో ఆ వైఫైని మరిచిపొమ్మని చెప్పడం తేలిక. వచ్చేశాక అయితే రీసెట్ చేయడం మంచిది. పక్కనున్న చిన్న మీటతో మైకు ఆపి, పైభాగం మధ్యలో వేలు పెట్టి, శబ్దం వినిపించేదాకా దాదాపు 15 సెకన్లు నొక్కి ఉంచాలి. తర్వాత కొత్తదాన్ని కలిపినట్టే మొదటి నుంచి కలపాలి.

అయినా కలవకపోతే మూడు చూడండి. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉందా? రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు చూపిస్తోందా? 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే, కానీ గోడలు దాటి అంత దూరం పోదు. స్పీకర్ లోపలి గదిలో ఉంటే 2.4కి కలపండి. మీరు ఎంచుకున్నది గెస్ట్ నెట్‌వర్కా? కొన్ని రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ మీద ఉన్న పరికరాలు ఒకదానికొకటి కనిపించవు. హాస్టళ్లలో లాగా బ్రౌజర్లో లాగిన్ పేజీ అడిగే వైఫై కూడా ఈ స్పీకర్లకి ఇబ్బందే.

ఒక దగ్గరదారి కూడా ఉంది. కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్, అదే భద్రతా పద్ధతి పెడితే స్పీకర్ తనంతట తానే కలిసిపోతుంది. ఇంట్లో పరికరాలు ఎక్కువున్నవాళ్లకి ఇది సుఖం. కానీ ఈ దారిలో ఒకటి జారిపోతుంది. అలవాటు ఆగకుండా అలాగే దొర్లిపోతుంది. నారింజ దీపం దగ్గర ఆగి ఆలోచించే ఆ ఒక్క నిమిషం మనకి దొరకదు. దగ్గరదారిలో పోయినా ఆ నిమిషాన్ని మనమే కల్పించుకోవాలి.

పాస్‌వర్డ్ కొట్టే ముందు

ఈ యంత్రం ఏం వింటుందో ఉన్నదున్నట్టు తెలుసుకుందాం. భయపెట్టడమూ వద్దు, కప్పిపుచ్చడమూ వద్దు.

అది పొద్దస్తమానం మన మాటలన్నీ రికార్డు చేసి పంపదు. పిలుపు మాట కోసం డబ్బాలోనే చెవి ఒగ్గి ఉంటుంది. పిలిచాక మాట్లాడింది కంపెనీ కంప్యూటర్లకి పోతుంది. అయితే పిలవకపోయినా, పిలుపులా వినిపించిన మాటకి లేచి వినే సందర్భాలూ ఉన్నాయి. 2019లో అమెజాన్, గూగుల్ రెండింటి విషయంలోనూ బయటికొచ్చిన సంగతి ఏమిటంటే, వినియోగదారుల రికార్డింగుల్లో కొన్నింటిని మనుషులు కూర్చుని విన్నారు. యంత్రానికి భాష బాగా నేర్పడానికి చిన్న భాగాన్ని మాత్రమే వింటున్నామని కంపెనీలు చెప్పాయి. 2023లో అమెరికా ప్రభుత్వం పిల్లల గొంతు రికార్డింగులను తుడిచేయకుండా ఉంచుకున్నారని అమెజాన్ మీద ఆరోపణ పెడితే, ఆ కంపెనీ 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2025 మార్చిలో, అమెరికాలో కొన్ని ఎకో మోడళ్లకి ఉన్న "నా గొంతు రికార్డింగులు పంపొద్దు" అనే వెసులుబాటును అదే కంపెనీ తీసేసింది.

మన దేశం సంగతి చూస్తే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తేల్చింది: వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు. అంటే నాలుగు గోడల మధ్య మన మాట మనదే అని రాజ్యాంగం పూచీ పడింది. ఆ హక్కును "అంగీకరిస్తున్నాను" అనే బటన్ మీద వేలు పెట్టి చదవకుండా వదిలేసేది మనమే.

ఎవరి మాట ఎవరు ఇస్తున్నారు?

అసలు ప్రశ్న ఇక్కడుంది. ఆ బటన్ నొక్కే వేలు ఒకరిది. ఇంట్లో వినిపించే గొంతులు ఎన్ని?

అమ్మ ఉంది. పిల్లలున్నారు. గిన్నెలు తోమడానికి వచ్చే అక్క ఉంది. ఊరి నుంచి వచ్చే బంధువులున్నారు. వీళ్లెవరూ యాప్‌లో ఏ షరతుకీ ఒప్పుకోలేదు. ఆ డబ్బా వినగలదన్న సంగతే కొందరికి తెలియదు.

మన ఇళ్లకి ఇంకొకటుంది. కార్యకర్త ఇంటి ముందుగది సంఘం ఆఫీసు కూడా. అక్కడ మీటింగులు జరుగుతాయి. పొలంలో కొట్టారని, బావి దగ్గర తిట్టారని, ఆడపిల్లని వేధించారని చెప్పుకోవడానికి మనుషులు వస్తారు. సాక్షి చెప్పాలా వద్దా అని భయపడుతూ కూర్చుంటాడు. అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో 15ఎ సెక్షన్ చేరింది, బాధితుల, సాక్షుల హక్కుల కోసం. చట్టం అంత జాగ్రత్త తీసుకున్న మనిషి మన షెల్ఫ్ పక్కన కూర్చుని పేర్లు, ఊర్లు చెప్తుంటే, ఆ షెల్ఫ్ మీద ఏముందో చెప్పాల్సిన బాధ్యత మనకి లేదా?

పంచశీలలో రెండవది అందరికీ తెలిసిందే. ఇవ్వనిది తీసుకోకూడదు. దాన్ని మనం డబ్బు, వస్తువుల దాకా తెచ్చి ఆపేస్తాం. మాట కూడా ఒకరి సొత్తే. నన్ను నమ్మి నాకు చెప్పిన మాట నాకు మాత్రమే ఇచ్చింది. దాన్ని మూడో చెవి దగ్గర పెట్టడానికి నాకు ఎవరిచ్చారు హక్కు? కంపెనీ తీసుకుందా లేదా అన్నది తర్వాతి వాదన. ఇవ్వనిదాన్ని తీసుకునే వీలు మన చేత్తో కల్పించామా లేదా, అది మన శీలానికి సంబంధించిన ప్రశ్న.

కొన్ని అభ్యంతరాలు

"మనమేం తప్పు చేస్తున్నాం, దాచుకోవడానికి?" అంటారు కొందరు. తలుపు వేసుకునేవాళ్లంతా తప్పు చేస్తున్నట్టా? వాడలో మన తాతలకి తలుపు గట్టిగా ఉన్న ఇల్లే లేదు. ఎవడైనా ఎప్పుడైనా వచ్చి గుమ్మం ముందు నిలబడి పిలిచేవాడు, లోపల ఏముందో తొంగిచూసేవాడు. ఇల్లు అద్దెకి అడిగితే ఈ రోజుకీ మన పేరు వెనక పేరు అడుగుతారు. తలుపు విలువ మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? గోప్యత మర్యాదలో ఒక భాగం.

"జేబులో ఫోన్ ఉండగా స్పీకర్ గురించి గోలేమిటి?" అని ఇంకొకరు. మంచి ప్రశ్నే. ఎవరి ఫోన్ వాళ్ల చేతిలో ఉంటుంది, దాని సెట్టింగు వాళ్ల ఇష్టం. ముందుగదిలో స్పీకర్ అందరి మధ్యా ఉంటుంది, ఇష్టం మాత్రం ఒక్కరిది. తేడా అక్కడుంది. కేసు మాటలప్పుడు ఫోన్లు కూడా పక్క గదిలో పెడితే ఇంకా మంచిది.

"అయితే పారేయమంటావా?" అంటే, అననండి. చూపు తగ్గిన తాతకి టైమెంతో చెప్పేది అదే. చదువు రాని అమ్మకి మందు వేళ గుర్తు చేసేది అదే. చేతులు వణికే మనిషి వేలితో నొక్కాల్సిన పని లేకుండా పాట పెట్టుకునేది దానితోనే. ఆ సౌకర్యాన్ని చిన్నచూపు చూడటం కూడా న్యాయం కాదు. వస్తువుకి దాసోహమనడం ఒక కొస, వస్తువుని శాపంగా చూడటం ఇంకో కొస. మధ్యలో ఎరుకతో వాడుకునే దారి ఉంది.

ఏం చేద్దాం?

కొత్త ఇంట్లో స్పీకర్ కలిపే రోజున ఇంట్లో అందర్నీ పిలిచి చెప్పండి. "ఇది పిలిస్తే వింటుంది, ఒక్కోసారి పిలవకపోయినా వింటుంది. పెడదామా?" అని అడగండి. పనికి వచ్చే అక్కని కూడా అడగండి. ఒకరు వద్దంటే వాళ్లుండే గదిలో పెట్టకండి.

మనుషులు వచ్చి కష్టం చెప్పుకునే గదికి దూరంగా దాని చోటు ఎంచుకోండి. తాత మంచం పక్కన పెడితే ఆయనకే ఉపయోగం.

మైకు ఆపే బటన్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలకి కూడా చూపించండి. ఎకో మీద మైకు ఆపితే ఎర్ర దీపం వెలుగుతుంది. మీటింగ్ మొదలయ్యే ముందు దాన్ని ఆపడం ఒక అలవాటు చేయండి. ప్లగ్ పీకేస్తే ఇంకా నిశ్చింత.

యాప్‌లో పాత రికార్డింగులు చూడండి. అలెక్సాలో ప్రైవసీ సెట్టింగుల్లో, గూగుల్‌లో మై యాక్టివిటీలో దొరుకుతాయి. ఒకసారి విని చూస్తే అది ఏం విన్నదో మీకే తెలుస్తుంది. తర్వాత తుడిచేయండి.

ఇంటి ఓనరు వైఫైకి కలుపుతుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. గూగుల్ స్పీకర్ అయితే అదే వైఫైలో ఉన్న వేరేవాళ్లు తమ ఫోన్ నుంచి దాని మీద పాటలు పెట్టగలరు. వీలైతే మీ కనెక్షన్ మీరు పెట్టుకోండి. పాత స్పీకర్‌ని ఎవరికైనా ఇచ్చేస్తుంటే మీ అకౌంటు నుంచి తీసేసి, రీసెట్ చేసి ఇవ్వండి.

మిత్రులారా! శీలం అంటే విహారంలో కూర్చున్న గంటసేపటి సంగతి అనుకోవద్దు. పాస్‌వర్డ్ కొట్టే ఆ పదిసెకన్లలోనూ అది ఉంది. ఈ ఆదివారం మీ ఇంట్లో స్పీకర్ ఉంటే దాని మైకు బటన్ ఎక్కడుందో వెతికి, ఇంట్లో అందరికీ చూపించండి. వచ్చే మీటింగ్‌కి అది ఆగి ఉందో లేదో ముందు మీరే చూడండి.

జై భీమ్! నమో బుద్ధాయ!