కొనుట – పెట్టుట



మన ఇండ్లలో పెండ్లి కానిండు, తపస్సు చేసినవారి పారణ కానిండు, ఈ కాలమున మొదట వినవచ్చు ప్రశ్న "కేటరింగు ఎవరికిచ్చినారు?" అన్నదే. రాబర్ట్‌సన్‌పేటలోను, బంగారుపేటలోను, కోలారులోను తెలుగు, కన్నడము, తమిళము మాటలాడువారందరును ఈ మాటను తమదిగానే వాడుచున్నారు. వర్తకులమైన మనము కొట్టుకు వచ్చిన సరుకు ఎక్కడిదో విచారింతుము గదా! ఈ మాట ఎక్కడిదో కూడ విచారింతము.

ఆంగ్లమున 'కేటర్' అనగా భోజనపు ఏర్పాటు చేయుట. 1600 ప్రాంతమున ఇది క్రియగా వాడుకకు వచ్చినది. అంతకు పూర్వము అది ఒక ఉద్యోగి పేరు. ప్రభువుల ఇండ్లలో వంటకు కావలసిన సరుకులు కొని తెచ్చువానికి ఆ పేరుండెను. ఆ పేరు పాత ఫ్రెంచి భాషలో 'కొనుట' అను మాటనుండి పుట్టినది. ఇంకను వెనుకకు పోయి చూచిన, లాటిను భాషలో దాని మూలమునకు 'పట్టుకొనజూచుట' అని అర్థము. చేజిక్కించుకొనుటతో బయలుదేరిన మాట, కొనుటయై, తుదకు అన్నము సమకూర్చుటయైనది.

మన తెలుగు మాట వేరు. మనము 'పెట్టుట' అందుము. "ఆమెది పెట్టే చేయి" అన్నచో, అన్నమను మాట పలుకకున్నను అర్థమగును. ఇక శ్రావకుని పండ్రెండు వ్రతములలో కడపటిది అతిథి సంవిభాగము. సంవిభాగమనగా చక్కగా పంచుట. తనకై వండుకొన్న దానిలోనుండి భాగము తీసి ఇచ్చుటయే ఆ వ్రతము.

ఇందొక సూక్ష్మమున్నది. దశవైకాలిక సూత్రము మూడవ అధ్యయనమున సాధువులకు కూడనివి చెప్పబడినవి. తమకొరకు వండినదియు, తమకొరకు కొన్నదియు వాటిలో మొదటనే వచ్చును. లక్షాధికారియైనను విహారములో వచ్చిన సాధువునకై అంగడినుండి తెప్పించి పెట్టజాలడు. ఇంటిలో ఉన్నదే ఇయ్యవలెను. ధనమునకు అక్కడ ప్రవేశము లేదు.

ఆదినాథ భగవానుని కథ తలచుకొనుడు. ఏడాదికి పైగా ఆయనకు ఆహారము లభింపలేదు. ప్రజలు పిసినారులు కారు. ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను, బంగారమును తెచ్చి ముందుంచిరి. కాని పెట్టుట వారికి తెలియదు. హస్తినాపురమున శ్రేయాంసుడు చెరకు రసము నొసగిన దినమే అక్షయ తృతీయ. పెట్టుట నేర్చిన ఆ దినమును నేడు లోకము బంగారము కొను దినముగా చేసికొన్నది!

బంగారము సంగతి మన ఊరికి తెలిసినంతగా మరెవరికి తెలియును? 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన నాటినుండి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడు వరకు ఈ నేలనుండి సుమారు 800 టన్నుల బంగారము తీసిరి. గని మూతపడగానే జీతము నిలిచినది, జీతముతో పొయ్యియు మందగించినది. నేటికిని వేలమంది తెల్లవారుజామున రైలెక్కి పనికై బెంగుళూరు పోవుచున్నారు. మన కొట్లను నిలిపినది వారి కొనుగోలే. మన విందు పందిటిలో వారికి భాగమున్నదా?

కేటరింగు పాపమని నేను చెప్పుట లేదు. ఐదువందల మందికి ఇంటివారే వండుట నేడు కష్టమే. కాని ఆ మాట మొదటి అర్థమును మరువకుడు: అది కొనువాని పని. కొనుట, వండుట అప్పగింపవచ్చును. కందమూలములు చేరకుండ, నీరు వడగట్టునట్లు, సూర్యాస్తమయమునకు ముందే పంక్తి ముగియునట్లు చూచుట ఇంటివారి బాధ్యత. వడ్డించు చేయి మనదై యుండవలెను. ఆకుల లెక్క చెప్పునపుడే, పిలుపందని వారికై కొన్ని ఆకులు చేర్చి చెప్పవలెను.

కొనుట మనకు వంశవిద్య. పెట్టుట మన వ్రతము. మొదటిదానికి కూలి ఇచ్చి మనిషిని నియమింపవచ్చును. రెండవదానికి మనమే లేవవలెను.

జై జినేంద్ర.