బోనులో ఎవరిని ఉంచవచ్చు?

ఉప్పల్, నాచారం బడుల పిల్లలకు విహారయాత్ర అంటే ముందు గుర్తొచ్చేది బహదూర్‌పురాలోని నెహ్రూ జూ పార్కు. తిరిగి వచ్చాక ఏయే జంతువులను చూశారో రాయమంటాం. ఏ జంతువు అక్కడ ఉండకూడదో, ఎందుకు ఉండకూడదో మాత్రం అడగం. తోటి ఉపాధ్యాయులారా, అడగాల్సిన ప్రశ్న అదే.

కొన్ని జూలు ఆ ప్రశ్న తమకు తామే వేసుకున్నాయి. అమెరికాలోని డెట్రాయిట్ జూ తన రెండు ఏనుగులను ఇక ఉంచుకోబోనని 2004లో ప్రకటించి, మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని విశాలమైన సంరక్షణ కేంద్రానికి పంపింది. మన దేశంలోనూ జూలలోని ఏనుగులను అటవీ శాఖ శిబిరాలకు, అభయారణ్యాలకు తరలించాలని సెంట్రల్ జూ అథారిటీ 2009లో ఆదేశించింది. అది అన్నిచోట్లా అమలు కాలేదు గానీ, కారణం స్పష్టమే. ఏనుగు మందతో కలిసి మైళ్ల కొద్దీ నడిచే ప్రాణి. గట్టి నేల మీద ఒకేచోట కట్టేస్తే పాదాలు పాడవుతాయి, కీళ్లు పట్టేస్తాయి. గంటల తరబడి తల ఊపుతూ నిలబడుతుంది. చూసేవాళ్లు అది ఆడుకుంటోందనుకుంటారు.

డాల్ఫిన్ల విషయంలో ప్రభుత్వం ఇంకా గట్టిగా మాట్లాడింది. వాటి ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని 2013లో రాష్ట్రాలకు చెప్పింది. అంత తెలివైన ప్రాణులను మనిషి కాని వ్యక్తులుగా చూడాలని శాస్త్రవేత్తలు అంటున్నారని, వినోదం కోసం బంధించడం నైతికంగా తగదని అందులో పేర్కొంది.

ఈ మాట ఆదివాసులమైన మాకు ఒక పాత గాయాన్ని గుర్తుచేస్తుంది. 1906లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో, కాంగో అడవుల మనిషి ఓటా బెంగాను కోతుల బోనులో పెట్టి జనానికి చూపించారు. నల్లజాతి పాస్టర్లు ఎదురు తిరిగాక బయటికి తీశారు. పదేళ్ల తరువాత ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. అదంతా గతం అనుకోలేం. తిండి ఆశ చూపి జారవా ఆడవాళ్లను పర్యాటకుల ముందు ఆడించిన అండమాన్ వీడియో 2012లోనే కదా బయటపడింది!

అలాగని జూలన్నీ మూసేయమని మేము అనడం లేదు. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ గురించి పిల్లలకు చెప్పండి. అత్తాపూర్‌లో ఉన్న దాని విభాగం లాకోన్స్, నెహ్రూ జూ కలిసి 2010 నుంచి మూషిక జింకల సంతతి పెంచాయి. కుందేలంత ఉండి, రాత్రిపూట తిరిగే బెదురు జంతువు అది. కొన్నింటిని 2017లో నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. వాటికి బోను ఇల్లు కాలేదు, ఇంటికి వెళ్లే దారిలో మజిలీ అయింది.

మా కొలత ఇదే. ఆ ప్రాణి తన బతుకు అక్కడ బతకగలదా? లేకుంటే అడవికి తిరిగి వెళ్లే దారి ఉందా? రెండూ లేనప్పుడు మిగిలేది చూసేవాడి సరదా ఒక్కటే. చూడకపోతే పిల్లలకు ప్రేమ ఎలా పుడుతుందని కొందరంటారు. మా పెద్దలు చాలా జంతువులను అడుగుజాడలో, అరుపులో ఎరిగినవాళ్లే. కళ్లారా చూడలేదని వాటి మీద గౌరవం తగ్గలేదు.

చివరగా యువతకు ఒక మాట. ఆ నల్లమలలోనే పులుల కోసం చెంచు పెంటలను ఖాళీ చేయించే మాట పదేపదే వస్తోంది. జింకకు అడవే ఇల్లని ఒప్పుకున్నవాళ్లు చెంచులకూ అంతేనని ఎందుకు ఒప్పుకోరు? ఏనుగు నోరు విప్పి చెప్పలేదు కాబట్టి దాని పాదాలు చూసి బాధ తెలుసుకున్నారు. చెంచులను అడగవచ్చు. అడిగి తీరాలని, గ్రామసభ సమ్మతి ఉండాలని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతోంది. ఆ చట్టాన్ని చదవండి. మీ ఊరి గ్రామసభలో పెద్దలకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించండి.