తన లెక్క తానే వ్రాసికొనువాడు

ఎవరును చూడని చోట, ఎవరికిని నష్టము లేని సంగతిలో, ఒక అంకెను ఒకటి తగ్గించి వ్రాసికొనిన యెడల అది తప్పగునా? ఈ ప్రశ్న మిక్కిలి చిన్నదిగా కనబడును. నాకును మొదట అట్లే కనబడెను. అయితే గత సంవత్సరము టెక్సాసు రాష్ట్రములో నా కుమార్తె ఇంట ఉన్న దినములలో, పిల్లలాడుకొను ఆట యొకటి ఆ ప్రశ్నను నా యెదుట నిలువబెట్టెను.

వారి ఇంటికి దగ్గరలో ఊరివారందరి కొరకు ఒక చిన్న ఉద్యానవనము గలదు. దాని మధ్యనుండి సన్నని వాగు పారుచుండును. చెట్ల నడుమ తొమ్మిది ఇనుప స్తంభములు నాటి, ఒక్కొక్క స్తంభమునకు ఒక బుట్టయు, బుట్టకు పైన వ్రేలాడు గొలుసులును అమర్చియున్నారు. ఆ ఆటను డిస్క్ గోల్ఫ్ అందురు. జానెడు వెడల్పు గల ప్లాస్టిక్ పళ్లెమును దూరమునుండి విసరవలెను. అది పడిన చోట నిలిచి మరల విసరవలెను. తుదకు పళ్లెము గొలుసులకు తగిలి బుట్టలో పడవలెను. తక్కువ విసుర్లతో ముగించినవాడే గెలిచినవాడు. పళ్లెము హద్దు దాటిన యెడల, విసరినవాడు తన లెక్కకు ఒకటి అదనముగా కలుపుకొనవలెను. ఆ వాగు కూడ హద్దు వెలుపలిదే.

ఈ ఆటకు మొదటి శాశ్వత మైదానము 1975లో కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెసు సమీపమున, ఓక్ గ్రోవ్ అను ఉద్యానవనములో ఏర్పడెను. దానిని ఏర్పరచిన ఎడ్ హెడ్రిక్ అను నతడే గొలుసుల బుట్టను కూడ కనిపెట్టెను. నేడు ఇట్టి మైదానములు లోకమంతట వేలకొలది యున్నవి. అందులో అనేకము ప్రజల ఉద్యానవనములలోనే యున్నందున ప్రవేశమునకు రుసుము లేదు. పెద్ద పోటీలలో తోడి ఆటగాండ్రు ఒకరి నొకరు కనిపెట్టుదురు. చిన్న ఉద్యానవనములో అట్లు కాదు. అక్కడ కావలివాడు లేడు, తీర్పరి లేడు. ఎవని లెక్క వానిదే.

ఒక సాయంకాలము పదునొకండేండ్ల నా మనుమడును నేనును ఆడుచుంటిమి. లెక్క వ్రాయు పని నాకప్పగింపబడెను. అయిదవ బుట్ట దగ్గర నా రెండవ విసురు తిన్నగా వాగులో పడెను. పిల్లవాడు తన పళ్లెమును వెదకుచు చెట్ల చాటున నుండెను. నేను నీళ్లలోనుండి పళ్లెమును తీసి, తుడిచి, గట్టున నిలిచి విసరితిని. మరియొక విసురుతో అది బుట్టలో పడెను. విసరినవి నాలుగు, వాగు కొరకు ఒకటి, మొత్తము అయిదు. నేను నాలుగు అని వ్రాసితిని. చేయి వణకలేదు. ముసలివాని ఆటకు ఇంత లెక్కయేల అని నాకు నేనే చెప్పుకొంటిని.

ఏడవ బుట్ట యొద్ద పిల్లవాని పళ్లెము పొదల ఆవలకు పోయెను. అది ఎక్కడ పడినదో నాకు కనబడలేదు. వాడు తడిసిన చేతులతో వచ్చి, "తాతయ్యా, నాది నీళ్లలో పడింది. నాకు ఒకటి కలుపు" అనెను. నేను కలిపితిని. ఆట ముగిసినప్పుడు వానికి నలువదియొకటి, నాకు నలువది. వాడు చప్పట్లు కొట్టి, ఇంటికి పరుగెత్తి, "అమ్మా, తాతయ్య గెలిచాడు" అని చెప్పెను. ఆ రాత్రి భోజనము నాకు రుచింపలేదు.

ఎవరికిని నష్టము లేదని నేననుకొంటిని గదా. అయిదవ బుట్ట దగ్గర అది నిజమువలెనే యుండెను. తొమ్మిదవ బుట్ట దగ్గరకు వచ్చుసరికి ఆ ఒక్క అంకె ఒక బాలుని సమానత్వమును తీసివేసెను. అబద్ధమాడు ఘడియలో దాని నష్టము ఎవనిమీద పడునో మనకు తెలియదు. తెలియదు గనుకనే లేదనుకొందుము. మన గ్రామములలో పొదుపు సంఘపు పుస్తకము వ్రాయువారికి ఈ సంగతి బాగుగా తెలియును. ఒక వరుసలో తప్పిన పది రూపాయలు, నెలలు గడచిన తరువాత మరియొకరి పేరట బాకీగా తేలును.

ఒకవేళ నేను ఒంటరిగా ఆడియుండినచో? అప్పుడైనను నష్టపోవువాడొకడున్నాడు. లెక్క ఎందుకు వేసికొందుము? నిన్నటికంటె నేడు నా చేయి కుదిరినదా లేదా యని తెలిసికొనుటకే గదా. తక్కెడ పళ్లెము క్రింద చింతపండు అంటించు వర్తకుడు ఇతరులను మోసగించును. తన లెక్కను తాను తగ్గించుకొనువాడు తన తక్కెడకే చింతపండు అంటించుకొని, తన బరువును తానే నమ్మలేనివాడగును.

అయితే ఇంత పట్టింపు ఆటలోని సంతోషమును చంపదా యని కొందరడుగవచ్చును. ఈ మాటలో కొంత న్యాయమున్నది. లెక్క లేకుండ ఆడుకొనుటలో దోషమేమియు లేదు. చిన్నపిల్లలతోను, అలసిన దినమందును, గొలుసుల చప్పుడు కొరకే విసరవచ్చును. లెక్క వ్రాయకుండుట మన స్వేచ్ఛ. వ్రాయుటకు కలము పట్టిన తరువాత మాత్రము ఉన్నదే వ్రాయవలెను. ఈ రెంటికిని మధ్య మూడవ త్రోవ యున్నదని నేననుకొంటిని. అది లేదు.

మరుసటి ఉదయమున పిల్లవానిని పిలిచి, ఆ కాగితము చూపి, జరిగినది చెప్పితిని. పెద్దవాడు చిన్నవాని యెదుట ఒప్పుకొనుట సులభము కాదు. వాడు నన్ను నిందింపలేదు. పెన్సిలు తీసికొని నాలుగు కొట్టివేసి అయిదు వేసెను. క్రింద మొత్తము దిద్దెను. "అయితే ఇద్దరం సమానం తాతయ్యా. ఇవాళ మళ్లీ ఆడదాం" అనెను.

ఆ సాయంకాలము మరల ఆడితిమి. నేను నాలుగు విసుర్ల తేడాతో ఓడిపోయితిని. ఆ రాత్రి కడుపార తిని, సుఖముగా నిద్రపోయితిని.